ట్రంకుపెట్టెలోని మన చరిత్ర



ఇంటింటా ఒక పెట్టె ఉంటుంది. కొందరికి అది రేకు ట్రంకుపెట్టె, కొందరికి బీరువాలో అడుగు అర, మరికొందరికి అటకమీద దుమ్ముపట్టిన సూట్‌కేసు. అందులో పెళ్లి ఫొటోలుంటాయి. తాతగారి ఎస్సెసెల్సీ పుస్తకం, చెల్లిపోయిన రేషన్ కార్డు, ఎవరో ఎవరికో రాసిన కార్డుముక్కలు, పాత దస్తావేజుల నకళ్లు కూడా ఉంటాయి. ఇల్లు సున్నం వేసేటప్పుడు ఒకసారి బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. ఈ పూట ఆ పెట్టెను గురించే నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువాళ్లకు ఆ పెట్టెతో ఉన్న అవసరం మిగతావాళ్లకంటే ఎక్కువ.

బళ్లారిలో ఒక కుటుంబాన్ని తీసుకోండి. వాళ్లు ఎక్కడికీ వలస పోలేదు. అదే వీధి, అదే మిద్దె. అయినా పెట్టెలోని కాగితాలు వరసగా పేర్చి చూస్తే ముత్తాత ఉత్తరాల మీద మద్రాసు రాజధాని అని ఉంటుంది. తాత కాగితాల మీద మైసూరు రాష్ట్రం అని, తండ్రి కాగితాల మీద కర్ణాటక అని ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారితో సహా మిగతావి మైసూరుకు పోయాయి. మైసూరు రాష్ట్రం 1973 నవంబరు 1న కర్ణాటక అయింది. ఇల్లు కదలలేదు, చిరునామా కదిలింది.

ఇంకా చిత్రం తిరుత్తణి. మొదట మద్రాసు రాజధానిలో చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం. 1969లో ఆ రాష్ట్రం పేరే తమిళనాడుగా మారింది. అటు ప్రాణహిత ఒడ్డున సిరొంచ సంగతి చూడండి. సెంట్రల్ ప్రావిన్సెస్, 1950లో మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర. జిల్లా కూడా చాందా నుంచి 1982లో గడ్చిరోలి అయింది. అక్కడ పుట్టి అక్కడే పెరిగిన ఒక ముసలాయన గుమ్మం దాటకుండానే నాలుగు రాష్ట్రాల్లో బతికాడన్నమాట. బరంపురం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిశాయి. యానాం 1954 జూన్ దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, చట్టప్రకారం 1962 ఆగస్టు 16న మన దేశంలో కలిసింది. అందుకే అక్కడి పాత ఇళ్లలో పుట్టుక కాగితం, పెళ్లి కాగితం ఫ్రెంచిలో ఉంటాయి, వాటి పక్కనే శుభలేఖ తెలుగులో ఉంటుంది.

ఇలా గీత అటూ ఇటూ జరిగినప్పుడు చరిత్ర పుస్తకాలు గీతకు ఇవతలివాళ్లను గురించి రాశాయి, అవతలివాళ్లను గురించి రాశాయి. గీతమీద ఉన్నవాళ్లకు అధ్యాయం దొరకలేదు. ఆంధ్రుల చరిత్ర బళ్లారి దాకా వచ్చి ఆగుతుంది, కర్ణాటక చరిత్రలో బళ్లారి తెలుగు ఇళ్లు ఒక వాక్యం. నేను రెండు భాషల పాఠ్యపుస్తకాలూ పిల్లలకు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ మాట అంటున్నాను. కోపంతో కాదు, ఉన్న సంగతి. ఆ అధ్యాయానికి కావలసిన సామగ్రి అంతా మన పెట్టెల్లోనే ఉంది. దాన్ని చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. అదీ తొందర.

ఫొటో మన ప్రాంతానికి ఎలా వచ్చిందో ముందు చూద్దాం. 1839లో పారిస్‌లో డాగేర్ పద్ధతి లోకానికి వెల్లడైంది. 1856లో మద్రాసులో ఫొటోగ్రఫీ సంఘం ఒకటి పుట్టింది. అదే కాలంలో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు ప్రభుత్వానికి ఫొటోగ్రాఫరయ్యాడు. మదుర, తంజావూరు గుళ్లతో పాటు, అప్పటికే మద్రాసు మ్యూజియానికి చేరిన అమరావతి శిల్పాలకు కూడా 1858లో ఆయన ఫొటోలు తీశాడు. సుమారు ఆ రోజుల్లోనే, 1856లో, అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యపు అధికారి అప్పటి బళ్లారి జిల్లాలోని హంపికి పెద్ద కెమెరా మోసుకుపోయి, మైనం పూసిన కాగితం మీద నెగటివులు తీశాడు.

ఆ నెగటివుల కథ మన పెట్టెల కథ లాంటిదే. అవి ప్రభుత్వ భాండారంలో లేవు. ఏళ్ల తరబడి ఒక ప్రైవేటు సేకరణలో ఉండిపోయి, 1980 ప్రాంతంలో బయటపడ్డాయి. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ గ్రీన్‌లా నిలబడిన చోటనే నిలబడి మళ్లీ ఫొటోలు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నూట పాతికేళ్లలో ఏ గోపురానికి ఏం జరిగింది, ఏ మండపంలో ఏ స్తంభం పోయింది, ఏ భాగాన్ని తర్వాత నిలబెట్టారు అన్నది కంటికి కనిపిస్తుంది. ఎవరి ఇంట్లోనో ఊరికే పడి ఉన్న కాగితాలు హంపికి సాక్ష్యం చెప్పాయి. రాళ్లకే అంత అవసరమైతే మనుషుల మాట వేరే చెప్పాలా?

మనుషుల ఫొటోలు మొదట దొరలకు, జమీందార్లకు. లాలా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాముకు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఘోషా ఆడవాళ్లు మగవాళ్ల ముందుకు రారు కదా, వాళ్ల కోసం 1892లో హైదరాబాదులో ఒక ఇంగ్లీషు వనిత ఆధ్వర్యంలో వేరే స్టూడియో తెరిచాడు. తర్వాత ఈస్ట్‌మన్ కంపెనీ చుట్ట ఫిల్ము వచ్చింది, 1900లో ఒక డాలరు ఖరీదు చేసే బ్రౌనీ కెమెరా వచ్చింది. ఆ కెమెరాలు మన జిల్లాల్లో నలుగురైదుగురు వకీళ్ల చేతుల్లో ఉండేవేమో గాని, సామాన్య సంసారికి ఫొటో అంటే స్టూడియోయే. రైలెక్కి పట్నం పోయి, గుడారు లాంటి తెర ముందు, మెడ బిగించుకుని నిలబడటమే.

ఆ స్టూడియో ఫొటోను ఇప్పుడు చేతిలోకి తీసుకుని తీరుబడిగా చూడండి. మనం మొహాలు చూసి పెట్టేస్తాం. కింద అట్టమీద ఊరు పేరుతో అచ్చయిన స్టూడియో ముద్ర ఉంటుంది, దాన్ని చూడం. బళ్లారివాళ్ల ఫొటో మీద మద్రాసు పేరుందా, బెంగళూరు పేరుందా? యానాంవాళ్ల ఫొటో కాకినాడలో తీయించిందా, పాండిచ్చేరిలోనా? ఆ ఊరి పేరే ఆనాడు ఆ కుటుంబం ఏ వైపుకు రాకపోకలు సాగించేదో చెబుతుంది. ఆసుపత్రికి, కోర్టుకు, కాలేజీకి ఏ రైలెక్కేవాళ్లో చెబుతుంది.

మన బళ్లారి వైపు ఇళ్లలో నాటక సమాజాల గ్రూప్ ఫొటోలు కనిపిస్తాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరస వినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు గారి నాటకాలు, బళ్లారి రాఘవ గారి నటన, ఇవన్నీ తెలుగు నాటకరంగ చరిత్రలో చోటు సంపాదించుకున్నవి. రాఘవ గారు 1880లో పుట్టి 1946లో పోయారు, కన్నడంలోనూ తెలుగులోనూ నటించారు. గ్రూప్ ఫొటోలో మధ్య కుర్చీలో కూర్చున్నాయన పేరు అందరికీ తెలుసు. వెనక వరసలో నిలబడ్డ హార్మోనిస్టు ఎవరు? కింద చాప మీద కూర్చున్న ఆడవేషం అబ్బాయి ఎవరు? వాళ్ల మనవలకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ మనవడికి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి.

ఫొటో మీద తారీఖు లేకపోయినా కాలం కట్టడానికి దారులున్నాయి. చిరునామా ఒక దారి. బళ్లారి ముద్ర కింద మైసూరు రాష్ట్రం అని ఉంటే అది 1953కూ 1973కూ మధ్యది. తిరుత్తణి చిత్తూరు జిల్లా అని ఉంటే 1960కి ముందుది. కార్డు మీద ఆరంకెల పిన్‌కోడ్ అచ్చులో ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతి కార్డు. ఖరీదు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు, నయాపైసల్లో ఉంటే తర్వాతిది. స్టాంపు మీద ఐదో జార్జి గడ్డం ఉంటే అది ముందుది, గడ్డం లేని ఆరో జార్జి ఆ తర్వాతివాడు. మడతపెట్టిన పొలం కాగితాల మీద ఫసలీ అని ఒక అంకె కనిపిస్తుంది, పిల్లలు దాన్ని చూసి ఇదేం సంవత్సరం అంటారు. మద్రాసు రాజధాని కాగితమైతే దానికి 590 కలపండి. ఫసలీ 1363 అంటే 1953 జూలై నుంచి 1954 జూన్ దాకా.

శుభలేఖల మీద, జాతకాల మీద సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది. ధాత అంటే 1936 ఉగాదితో మొదలైన సంవత్సరం. విజయ 1953, జయ 1954, దుర్ముఖి 1956. ఈ పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి ఒక్క విజయ అన్న మాటతో సరిపోదు, 1893 విజయ కూడా ఉంది, 2013 విజయ కూడా ఉంది. తాతగారి పెళ్లా, ఆయన తాతగారి పెళ్లా అన్నది ఇంట్లోవాళ్లే తేల్చాలి. ఒరిస్సా ఏర్పడింది ధాతలో, ఆంధ్ర రాష్ట్రం విజయలో, భాషా రాష్ట్రాలు దుర్ముఖిలో. బడిలో ఈ తారీఖులను పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. తమ అవ్వ పెళ్లి ఏ రాష్ట్రంలో జరిగిందో లెక్కకట్టమంటే వాళ్లకు అవి మరి మరచిపోరు.

ఇంకొక రకం ఫొటో గంజాం, విశాఖ, గోదావరి వైపు ఇళ్లలో ఉంటుంది. అట్ట మీద రంగూన్ అని ఊరి పేరు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి మన తీరంలోని మనుషులు వేల సంఖ్యలో ఓడలెక్కి బర్మా పోయారు. మిల్లుల్లో, రేవుల్లో, రిక్షాల మీద పనిచేశారు. అక్కడ కాస్త కుదుటపడగానే స్టూడియోకు పోయి, కోటు తొడుక్కుని ఫొటో తీయించి ఇంటికి పంపేవాళ్లు. నేను బాగానే ఉన్నానని చదువురాని తల్లికి చెప్పే ఉత్తరం అది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు అరకాను దారిలో, మణిపురం కొండల దారిలో కాలినడకన వచ్చారు. దారిలో ఎంతమంది పోయారో లెక్క లేదు. బతికి వచ్చినవాళ్ల చేతిలో ఏం మిగులుతుంది? రంగూన్ గదిలో ఉన్న నకలు అక్కడే పోయింది. ముందుగా ఇంటికి పంపిన నకలు మాత్రం గంజాం గోడమీద నిలిచింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కంప్యూటరు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరపడుతుంది.

ఇప్పుడు అసలు లోటు చెబుతాను. ఒక ఏడాది నేను ఏడో తరగతి పిల్లలను ఇంట్లోంచి ఒక పాత ఫొటో తెమ్మని, అందులో ఉన్నవాళ్ల పేర్లు అడిగి రాసుకురమ్మన్నాను. మగవాళ్ల పేర్లు ఇంటిపేరుతో సహా వచ్చాయి. ఆడవాళ్ల దగ్గర మాత్రం తాత అమ్మ, అవ్వ అత్త, పెద్దాయన రెండో భార్య అని రాసుకొచ్చారు. మళ్లీ అడిగి రమ్మని ఒక పిల్లను పంపితే మర్నాడు వచ్చి, "అందరూ ఆమెను పెద్దమ్మా అనే పిలుస్తా ఉన్నారంట సార్, పేరు ఎవురికీ తెలీదంట" అన్నది. ఆ ఫొటోలో ఆమె చాలా స్పష్టంగా ఉంది. ముక్కుపుడక, కాసులపేరు, చేతిలో బిడ్డ, అన్నీ కనిపిస్తున్నాయి. ఒక్క పేరే లేదు. పట్టాలో లేదు, ఓటరు జాబితాలో ఫలానావారి భార్య. ఆమె పేరు తెలిసిన చివరి మనిషి ఎప్పుడో పోయి ఉంటుంది, అది ఎవరూ గమనించి ఉండరు.

మన పూర్వులు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. తాటాకు గ్రంథం చివర లేఖకుడు ఊరికే ఆపేవాడు కాదు. ఫలానా సంవత్సరం, ఫలానా మాసం, ఫలానా తిథినాడు, ఫలానావారి కుమారుడైన ఫలానావాడు, ఫలానావారి కోసం ఈ ప్రతి రాశాడని గుర్తు పెట్టేవాడు. ఆకు ఎల్లకాలం నిలవదని వాళ్లకు తెలుసు. పురుగు పడుతుంది, అంచులు రాలతాయి. అందుకే ఆకు పాడవకముందే కొత్త ఆకు మీద మళ్లీ రాయించేవాళ్లు. తెలుగు సాహిత్యం మనదాకా వచ్చింది ఒక్క గట్టి ఆకు వల్ల కాదు, ఇలా మళ్లీమళ్లీ రాసిన చేతుల వల్ల. సి.పి. బ్రౌను గారు కడపలో చేసిన పని కూడా ఇదే. పండితులకు, లేఖకులకు సొంత డబ్బు జీతాలుగా ఇచ్చి, దొరికిన తాటాకు ప్రతులన్నిటినీ పోల్చి చూపించి, కాగితం మీద శుద్ధ ప్రతులు రాయించాడు.

ఈనాడు మనం డిజిటల్ అంటున్నది ఆ తిరగరాత పనే. ఆకు నుంచి కాగితానికి ఎక్కించినట్టు కాగితం నుంచి కంప్యూటరుకు ఎక్కిస్తున్నాం. అయితే ఒక తేడా ఉంది. లేఖకుడు చివర గుర్తు రాసేవాడు, మనం సెల్‌ఫోనుతో ఫొటో కొట్టి ఊరుకుంటున్నాం. ఫోను దానికి తనే ఒక అంకెల పేరు పెట్టుకుంటుంది. పైగా 1950 నాటి పెళ్లి ఫొటోకు మనం నకలు తీసిన రోజు తారీఖు తగిలిస్తుంది. పదేళ్లు పోయాక ఆ అంకెల్లోంచి అవ్వను వెతికి తీయడం ఎవరి తరం?

పెట్టె తెరిచాక ఏం చేయాలో చెబుతాను. ముందు ఉన్నవాటిని ఉన్న వరసలోనే చూడండి. ఎవరో ఒక ఉత్తరాన్ని, ఒక ఫొటోను, ఒక రసీదును కలిపి దారంతో కట్టి ఉంటే, ఆ కట్టుకు ఒక అర్థం ఉంటుంది. విప్పేముందు ఆ కట్టకే ఒక ఫొటో తీసుకోండి. కరణాల ఇళ్లవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ ఉద్యోగాలు పోయాయి గాని, కొన్ని ఇళ్లలో కవిలెకట్టలు, లెక్కల పుస్తకాలు అలాగే మిగిలాయి. వాటిలో ఒక్క మీ ఇల్లే కాదు, ఊరంతా ఉంది.

గోడకు తగిలించిన పటాల సంగతి. ఆ పటాలకు బొట్లు పెడతాం, దండలు వేస్తాం, తడిగుడ్డతో తుడుస్తాం. ఆ తడి అద్దం అంచున లోపలికి దిగి ఫొటో పైపొర అద్దానికి అంటుకుంటుంది. వెనక అట్టను చెదలు తింటాయి, ముందు వైపు నుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది. ఒకసారి దించి వెనక్కి తిప్పి చూడండి. ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే పీకవద్దు, నీళ్లలో నానబెట్టవద్దు. అద్దం మీదుగానే, మెరుపు పడకుండా కాస్త పక్కగా నిలబడి నకలు తీసుకోండి. 1970ల తర్వాత జిగురు పుటల ఆల్బములు వచ్చాయి, మైనంలా అంటుకునే పుట, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం. చూడటానికి ముచ్చటగా ఉండేవి గాని ఫొటోలకు అవే పెద్ద శత్రువులు. ఆ జిగురు పచ్చబడి ఫొటోను పట్టేస్తుంది. సన్నటి నైలాన్ దారం ఫొటో కింద నుంచి రెండు చేతులతో మెల్లగా లాగితే కొన్ని ఊడివస్తాయి, రానివాటిని పుటతో సహా నకలు తీయండి. లామినేషన్ చేయించకండి. అది వేడితో అతికించేది, మళ్లీ విడదీయలేరు. చిరిగినదానికి సెల్లోటేపు కూడా వద్దు.

అన్నిటికంటే ముందు నకలు తీయవలసినవి ఏవి? నలుపు తెలుపువి అనుకుంటాం. కాదు. వెండి పొరతో తయారైన ఆ పాత నలుపు తెలుపు ఫొటో సరిగ్గా కడిగి ఉంటే వందేళ్లు నిలుస్తుంది. 1970లలో, 80లలో తీసిన రంగుల ఫొటోలకే ప్రాణం తక్కువ. వాటి రంగులు వెలిసి, ఎర్రగానో నారింజగానో తిరుగుతాయి. వాటికంటే కూడా తొందర పెళ్లి వీడియో క్యాసెట్లకు. క్యాసెట్టు ఉంటుంది, ఆడించే యంత్రం ఉండదు. వీసీఆర్‌లను చివరిదాకా తయారుచేస్తూ వచ్చిన జపాను కంపెనీ కూడా 2016లో ఆపేసింది. ఊళ్లో ఎక్కడైనా పాత యంత్రం నడుస్తుంటే ఈ ఏడాదే ఎక్కించుకోండి.

స్కానరు అందుబాటులో ఉంటే అరచేతిలో సగం ఉండే చిన్న ఫొటోలను అంగుళానికి 600 చుక్కల లెక్కన తీయమని అడగండి, తర్వాత పెద్దది చేసుకోవచ్చు. లేకుంటే ఫోను చాలు. ఎండ నేరుగా పడని వసారాలో, పొద్దుటి వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా, ఫొటోను బల్లమీద పరచి పైనుంచి తిన్నగా తీయండి. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. వెనక ఏమీ లేకపోయినా ఎన్నిసార్లు పెన్సిలుతో ఒక మాట, స్టూడియో వేసుకున్న ఒక నంబరు బయటపడతాయో చెప్పలేను. తీసిన బొమ్మను బంధువులకు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది బొమ్మను కుదించి పంపుతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. మరొక్క మాట. దస్తావేజు నకళ్లు, ఆధార్ కాగితాలు నలుగురున్న గ్రూపుల్లో పెట్టకండి. నకలు తీశాం కదా అని అసలు దస్తావేజు పారేయకండి, కోర్టు అసలునే అడుగుతుంది.

బొమ్మకు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం ముందు రాయండి, తర్వాత ఊరు, తర్వాత మనుషులు. 1958, తిరుత్తణి, ఫలానా పెళ్లి. ఇలా పెడితే కంప్యూటరే కాలక్రమంలో పేర్చిపెడుతుంది. ఏడాది తెలియకపోతే 1950లు అని రాయండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం కంటే అది మేలు. గ్రూప్ ఫొటో అయితే వరసలవారీగా, ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి, ఆ కాగితానికి కూడా ఫొటో తీసి పక్కనే పెట్టండి. ఆడవాళ్ల పేరు రాసేటప్పుడు వాళ్ల పేరే రాయండి, పుట్టింటి ఊరు కూడా రాయండి. అసలు ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలే. బాల్‌పెన్ను నొక్కు ముందు వైపుకు తేలుతుంది.

ఏ లిపిలో రాయాలి? మిగతా తెలుగువాళ్లకు రాని ప్రశ్న ఇది. బళ్లారి పిల్లవాడు కన్నడం చదువుకున్నా, రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కాబట్టి అవ్వ చేతిరాతను కూడబలుక్కోగలడు. తలకట్టు దగ్గర, క, త, శ లాంటి అక్షరాల దగ్గర కాస్త తడుముకుంటాడు. హోసూరు పిల్లకు ఆ వెసులుబాటు లేదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం అందరికీ తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదివేది తమిళ అక్షరాలు. బరంపురంలో ఒడియా, సిరొంచలో దేవనాగరి. అందుచేత పేర్లు రెండు లిపుల్లో రాయండి, ఒకటి తెలుగు, రెండోది మీ పిల్లలు బడిలో చదివే లిపి. పాత కాగితాల మీద తెలుగు అంకెలుంటే వాటి పక్కన మామూలు అంకెలు వేయండి. కంప్యూటరులో తెలుగు రాసేటప్పుడు యూనికోడ్‌లోనే రాయండి. 1990లలో రకరకాల ఫాంట్లలో కొట్టించిన వంశవృక్షాలు ఈనాడు తెరిస్తే అర్థంకాని గుర్తులుగా కనిపిస్తున్నాయి. పెట్టెలో ఉన్న తాటాకును చదవవచ్చు గాని ముప్ఫయ్యేళ్లనాటి ఫ్లాపీని చదవలేకపోతున్నాం.

నకళ్లు కనీసం మూడు ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. రంగూన్ ఫొటో చెప్పింది ఇదే. 1996 నవంబరు తుపాను యానాం చుట్టుపక్కల, 2009 అక్టోబరు వరద కర్నూల్లో, 2013 అక్టోబరులో ఫైలిన్ గంజాం తీరంలో ఇళ్లలోకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెకూ కంప్యూటరుకూ తేడా చూడలేదు. ఇంట్లో ఒక హార్డ్‌డిస్కు, పరాయి ఊళ్లో ఉండే ఆడపడుచు దగ్గర ఒకటి, ఇంటర్నెట్‌లో దాచుకునే చోట ఒకటి ఉంచితే ధైర్యం. ఏటా ఉగాదినాడు పంచాంగం విన్నాక ఆ డిస్కు ఒకసారి తెరిచి, బొమ్మలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.

అయితే ఇవన్నీ తీరుబడిగా చేసుకోవచ్చు. స్కానరు వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది. ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటే ముందు ఆమె దగ్గర కూర్చోండి. ఫొటోలు ఒక్కొక్కటే చేతికిచ్చి, ఫోనులో మాట రికార్డు చేసే మీట నొక్కండి. మొదట మీరే ఆ రోజు తారీఖు, ఊరు, ఎదురుగా కూర్చున్నావిడ పేరు చెప్పండి, తాటాకు లేఖకుడు చెప్పినట్టుగా. చేతికిచ్చిన ఫొటో ఏదో కూడా చెప్పండి. వీళ్లెవరు అని అడగండి, తర్వాత మాట్లాడకండి. ఆమె ముందు నగల సంగతి చెబుతుంది, ఆ కాసులపేరు ఎవరికి పోయిందో చెబుతుంది, ఎవరితోనో ఉన్న పాత తగాదా చెబుతుంది. అడ్డం రాకండి. పేరు ఆ మాటల మధ్యలోనే వస్తుంది. గంట కంటే ఎక్కువ కూర్చోబెట్టకండి, అలసిపోతారు. మర్నాడు అదే ఫొటో మళ్లీ ఇచ్చి చూడండి, ముందు రోజు గుర్తురాని వెనక వరస మనిషి పేరు ఒక్కోసారి మర్నాడు వస్తుంది.